సాధారణ గేములకు వీఆర్ రూపం: మార్పిడి సాఫ్ట్‌వేర్, యాంగోన్ నగర పరిస్థితులు

టీవీ లేదా కంప్యూటర్ తెర మీద ఆడటానికి తయారైన వీడియో గేమును, తలకు తొడుక్కునే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌లో ఆడుకోవడానికి వీలుగా మార్చే ప్రోగ్రాములను మార్పిడి సాఫ్ట్‌వేర్ అంటారు. వర్చువల్ రియాలిటీ, క్లుప్తంగా వీఆర్, అనేది కంప్యూటర్ సృష్టించిన దృశ్యాన్ని రెండు కళ్లకూ విడివిడిగా చూపుతూ, తల తిరిగిన వైపుకు ఆ దృశ్యాన్నీ తిప్పుతూ, చూసేవారికి తాము ఆ లోకంలోనే ఉన్నామన్న భావన కలిగించే విధానం. హెడ్‌సెట్లు ఉన్నవారి సంఖ్య మామూలు గేములు ఆడేవారితో పోలిస్తే చాలా తక్కువ కావడంతో, పెద్ద నిర్మాణ సంస్థలు వీఆర్ కోసమే గేములు తయారు చేయడానికి అరుదుగా ముందుకు వస్తాయి. ఆ కొరతను తీర్చడానికి స్వతంత్ర ప్రోగ్రామర్లు చేసిన కృషి నుంచే ఈ సాఫ్ట్‌వేర్ పుట్టింది.

మయన్మార్‌లో అతి పెద్ద నగరమైన యాంగోన్, 1989 వరకు రంగూన్ అన్న పేరుతో ప్రసిద్ధమై, కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలెక్కిన తెలుగు కార్మికులకు ఒకప్పుడు బతుకుతెరువు చూపిన ఊరు. వీఆర్ మార్పిడి సాంకేతికతను సంపన్న దేశాల కొలమానంతో కాక, పరిమిత వనరులున్న సమాజం వైపు నుంచి పరిశీలించడానికి ఆ నగరం తగిన ఉదాహరణ. అక్కడ ఇళ్లలోకి కంప్యూటర్ కంటే ముందు స్మార్ట్‌ఫోన్ ప్రవేశించింది. వీఆర్ కూడా ఖరీదైన హెడ్‌సెట్‌గా కాక, ఫోను, అట్టపెట్టె, రెండు కటకాల కలయికగా బడిపిల్లల ముందుకు వచ్చింది.

మూల సూత్రం

మనిషి రెండు కళ్ల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, ఒకే వస్తువు రెండు కళ్లకూ కొద్దిపాటి తేడాతో కనిపిస్తుంది. ఆ తేడాను బట్టి మెదడు దూరాన్ని, లోతును గ్రహిస్తుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1838లో రెండు వేర్వేరు బొమ్మలను రెండు కళ్లకు చూపే స్టీరియోస్కోపు ద్వారా ఈ విషయాన్ని నిరూపించాడు. నేటి హెడ్‌సెట్ దానికి మరో రెండు పనులను జోడించింది. మొదటిది తల కదలికను క్షణక్షణం కొలిచి దృశ్యాన్ని అందుకు అనుగుణంగా మార్చడం. రెండోది కటకాల సాయంతో చూపు పరిధిని సుమారు 90 నుంచి 110 డిగ్రీల వరకు విస్తరించి, కటకాల వల్ల బొమ్మలో వచ్చే వంకరను ముందుగానే సరిచేయడం.

త్రిమితీయ గేము తెర మీద చదునుగా కనిపించినా, కంప్యూటర్ స్మృతిలో దాని ప్రపంచం నిజానికి చదునైనది కాదు. గోడలు, చెట్లు, మనుషులు అన్నీ పొడవు, వెడల్పు, లోతు దిశల్లో పరచుకున్న వేలాది త్రిభుజాలుగా అక్కడ నిల్వ ఉంటాయి. కెమెరాగా భావించే ఒక బిందువు నుంచి ఆ ప్రపంచం ఎలా కనిపిస్తుందో లెక్కగట్టి బొమ్మ గీయడం చిట్టచివరి దశలో జరుగుతుంది. ఆ దశలో జోక్యం చేసుకొని ఒక కెమెరాకు బదులు రెండు కెమెరాలను నిలబెట్టగలిగితే గేములో దాగి ఉన్న లోతు బయటపడుతుంది. మార్పిడి సాఫ్ట్‌వేర్ చేసే పని సారాంశంలో ఇదే. అందువల్లనే మొదటి నుంచీ చదునుగా గీసిన ద్విమితీయ గేములకు ఇది పెద్దగా పనికిరాదు. వాటిని హెడ్‌సెట్‌లో విశాలమైన సినిమా తెర మీద చూసినట్టు చూడటం మాత్రమే సాధ్యం.

చారిత్రక నేపథ్యం

చదునైన గేములకు లోతు కల్పించే ప్రయత్నాలు వీఆర్ హెడ్‌సెట్ల కంటే పాతవి. గ్రాఫిక్స్ చిప్పుల తయారీ సంస్థ ఎన్విడియా 2009లో త్రీడీ విజన్ అనే ప్రత్యేక కళ్లద్దాలను విడుదల చేసి, వందలాది గేములను రెండు కళ్లకు వేర్వేరుగా చూపే ఏర్పాటు చేసింది. గేముల్లో వచ్చే లోపాలను అభిమానులే సరిదిద్దుకునే సంప్రదాయం ఆ కాలంలోనే బలపడింది. ఎన్విడియా 2019లో ఆ పరికరానికి మద్దతు ఆపివేసినా, అప్పటికి పోగైన పరిజ్ఞానం వీఆర్ మార్పిడికి పునాదిగా నిలిచింది.

ఆధునిక వీఆర్ తొలి అడుగు కూడా మార్పిడితోనే పడిందన్నది గమనించదగ్గ చారిత్రక సత్యం. పామర్ లకీ రూపొందించిన ఆక్యులస్ రిఫ్ట్ నమూనాను ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ 2012 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ-త్రీ ప్రదర్శనలో చూపినప్పుడు, అందులో నడిచింది వీఆర్ కోసం కొత్తగా రాసిన గేము కాదు; 2004 నాటి డూమ్ 3కి మెరుగుపరచిన రూపం. అదే సంవత్సరం ఆగస్టులో మొదలైన ప్రజా విరాళాల సేకరణలో ఆక్యులస్ సంస్థకు 24 లక్షల డాలర్లకు పైగా సమకూరాయి. అభివృద్ధికారుల కోసం తయారైన తొలి హెడ్‌సెట్లు 2013 మార్చిలో చేతికందేసరికి వాటి కోసం తయారైన గేములు దాదాపు లేవు. ఆ ఖాళీని పూరించడానికే అదే ఏడాది వైరియో పర్‌సెప్షన్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామూ, వోర్పెక్స్ అనే వాణిజ్య ప్రోగ్రామూ వచ్చాయి. మూల కోడ్ అందరికీ అందుబాటులో ఉండి, ఎవరైనా మార్చుకోగలిగిన సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారు.

2016లో ఆక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ హెడ్‌సెట్లు సామాన్య వినియోగదారులకు విడుదలయ్యాయి. కంప్యూటర్ అవసరం లేకుండా స్వయంగా పనిచేసే ఆక్యులస్ క్వెస్ట్ 2019 మేలో వచ్చింది. వేర్వేరు సంస్థల హెడ్‌సెట్లతో ప్రోగ్రాములు ఒకే విధంగా సంభాషించడానికి వీలు కల్పించే ఓపెన్‌ఎక్స్‌ఆర్ అనే ఉమ్మడి ప్రమాణం తొలి పూర్తి రూపం కూడా అదే ఏడాది జులైలో వెలువడింది. దాని వల్ల ఒకసారి రాసిన మార్పిడి సాఫ్ట్‌వేర్ అనేక హెడ్‌సెట్ల మీద నడవడం సులభమైంది.

మార్పిడి పద్ధతులు

గేము బొమ్మ గీయడానికి డైరెక్ట్‌ఎక్స్ వంటి గ్రాఫిక్స్ వ్యవస్థకు పంపే ఆదేశాలను దారిలో పట్టుకొని, వాటిని మార్చి ముందుకు పంపడం చాలా మార్పిడి ప్రోగ్రాములకు ఉమ్మడి లక్షణం. ఇందుకోసం అవి నడుస్తున్న గేములోకి తమ కోడ్‌ను చొప్పిస్తాయి. ఆ తరువాత అనుసరించే మార్గాన్ని బట్టి వీటిని ఐదు తరగతులుగా విభజించవచ్చు.

మొదటిది జ్యామితీయ పద్ధతి. ఇందులో ప్రతి దృశ్యాన్నీ ఎడమ కంటికి ఒకసారి, కుడి కంటికి ఒకసారి పూర్తిగా గీయిస్తారు. లోతు సహజంగా, నిర్దుష్టంగా ఉంటుంది గానీ గ్రాఫిక్స్ చిప్పు మీద భారం దాదాపు రెట్టింపవుతుంది. నీడలు, నీటి మీది ప్రతిబింబాలు వంటివి ఒకే కెమెరాను దృష్టిలో పెట్టుకొని లెక్కగట్టినవి కాబట్టి అవి ఒక కంటికి ఒకచోట, మరో కంటికి మరోచోట కనిపించి ఇబ్బంది పెడతాయి. ఒక్కో గేముకు విడిగా సవరణలు అవసరమయ్యేది ఇక్కడే.

రెండోది లోతు పటం ఆధారంగా చేసే పద్ధతి. గేము బొమ్మ గీసేటప్పుడు ప్రతి చుక్క కెమెరాకు ఎంత దూరంలో ఉందో ఒక పట్టికలో నమోదు చేసుకుంటుంది. ఆ పట్టికను తీసుకొని, గీసిన ఒకే బొమ్మలోని చుక్కలను దూరాన్ని బట్టి పక్కకు జరిపి రెండో కంటి బొమ్మను తయారు చేస్తారు. భారం తక్కువ కాబట్టి సాధారణ కంప్యూటర్ల మీద కూడా ఇది నడుస్తుంది. అయితే మొదటి కెమెరాకు కనిపించని వస్తువుల వెనుక భాగాన్ని ఊహించి పూరించాల్సి రావడం వల్ల అంచుల చుట్టూ చెరిగినట్టున్న వలయాలు ఏర్పడతాయి. లోతు కూడా పలుచగా అనిపిస్తుంది. వోర్పెక్స్ ఈ రెండు పద్ధతులనూ అందిస్తుంది.

మూడోది కళ్లకు వంతులవారీగా బొమ్మ గీసే పద్ధతి. ఒక చట్రాన్ని, అంటే వరుసగా గీసే బొమ్మల్లో ఒకదానిని, ఎడమ కంటికి, తరువాతి చట్రాన్ని కుడి కంటికి గీస్తూ, మధ్యలో లోపించిన బొమ్మను తల కదలికను బట్టి సవరించిన పాత బొమ్మతో భర్తీ చేస్తారు. ల్యూక్ రాస్ అనే మార్పిడికారుడు గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ 2077 వంటి భారీ గేములను ఈ మార్గంలోనే హెడ్‌సెట్‌లోకి తెచ్చాడు. వేగంగా కదిలే వస్తువులు రెండుగా కనిపించడం ఈ పద్ధతికి ఉన్న ప్రధాన లోపం.

నాలుగోది గేము ఇంజిన్ స్థాయిలో చేసే మార్పిడి. ఇంజిన్ అంటే అనేక గేములకు ఉమ్మడి పునాదిగా నిలిచే ప్రోగ్రాముల సముదాయం. అన్‌రియల్ ఇంజిన్‌లో రెండు కళ్లకు దృశ్యం గీసే ఏర్పాటు ముందే ఉన్నా, చదునైన గేముల్లో దానిని వాడరు. ఆ నిద్రాణ వ్యవస్థను మేల్కొలిపి పని చేయించే యూఈవీఆర్ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ప్రేడాగ్ అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన ప్రోగ్రామర్ 2024 జనవరిలో విడుదల చేశాడు. ఆ ఇంజిన్ నాలుగు, ఐదు తరాల మీద నిర్మించిన వేలాది గేములకు ఒకే ఉపకరణం వర్తించడం ఈ రంగంలో పెద్ద మలుపు. అంతకు ముందు అదే ప్రోగ్రామర్ క్యాప్‌కామ్ సంస్థ సొంత ఇంజిన్‌కు రూపొందించిన ఆర్ఈ ఫ్రేమ్‌వర్క్ ద్వారా రెసిడెంట్ ఈవిల్ వరుసలోని పలు గేములు వీఆర్‌లోకి వచ్చాయి. ఔటర్ వైల్డ్స్, ఫైర్‌వాచ్ వంటి యూనిటీ ఇంజిన్ గేములకు కూడా అభిమానులు ఇటువంటి మార్పిడులు చేశారు.

ఐదోది మూల కోడ్ నుంచే కొత్త రూపం నిర్మించడం. ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ డూమ్ కోడ్‌ను 1997లో, క్వేక్ కోడ్‌ను 1999లో, డూమ్ 3 కోడ్‌ను 2011లో బహిరంగపరచింది. ఆ ఔదార్యం వల్ల టీమ్ బీఫ్ వంటి ఔత్సాహిక బృందాలు ఈ గేములను క్వెస్ట్ హెడ్‌సెట్ల మీద కంప్యూటర్ లేకుండానే నడిచేలా మలచగలిగాయి. 2022లో వెలువడిన హాఫ్-లైఫ్ 2 వీఆర్ రూపం కూడా అభిమానుల సమష్టి కృషికి ఫలితమే. చేతితో తుపాకీ ఎత్తి గురిపెట్టడం, గుళ్లు నింపడం వంటి చర్యలు సహజంగా కుదిరేది ఎక్కువగా ఇటువంటి రూపాల్లోనే.

లోతు ఒక్కటే చాలదు

రెండు బొమ్మలు గీయించడంతో మార్పిడి పూర్తి కాదు. సాధారణ గేములో కెమెరాను మౌసు లేదా జాయ్‌స్టిక్ తిప్పుతుంది. హెడ్‌సెట్‌లో ఆ పని తలకు అప్పగించాలి. తల తిప్పడం, వంచడం వంటి మూడు భ్రమణాలను మాత్రమే పట్టుకునే మార్పిడుల కంటే, ముందుకు వంగడం, పక్కకు జరగడం వంటి స్థాన మార్పులను కూడా కలిపి ఆరు రకాల కదలికలను పట్టుకునేవి ఎంతో మేలైనవి. ప్రాణ సూచిక, పటం, సంభాషణ పాఠం వంటి తెర మీది సమాచారం సాధారణంగా మూలల్లో ఉంటుంది. హెడ్‌సెట్‌లో ఆ మూలలు చూపుకు అందవు కాబట్టి దానిని కుదించి, కళ్లకు ఎదురుగా తగిన దూరంలో నిలపాలి. కథా సన్నివేశాల్లో గేమే కెమెరాను ఇష్టానుసారం తిప్పుతుంది గనుక వాటిని విడిగా ఒక పెద్ద తెర మీద చూపడం మంచి పద్ధతిగా స్థిరపడింది. కళ్ల మధ్య దూరాన్ని గేము కొలతలతో సరిగా జోడించకపోతే మనుషులు బొమ్మల్లా చిన్నగానో, రాక్షసుల్లా పెద్దగానో కనిపిస్తారు; అందుకే ప్రతి మంచి మార్పిడి ప్రోగ్రాములోనూ ప్రపంచ పరిమాణాన్ని సవరించుకునే మీట ఒకటి ఉంటుంది.

యాంగోన్: ఫోను నుంచి వీఆర్‌కు

2014 మార్చి, ఏప్రిల్ నెలల్లో జరిగిన జనగణన ప్రకారం మయన్మార్‌లో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 3.5 శాతమే కాగా, మొబైల్ ఫోను ఉన్నవి దాదాపు మూడో వంతు. అంతకు కొన్నేళ్ల ముందు లక్షల క్యాట్లు (మయన్మార్ కరెన్సీ) పలికిన సిమ్ కార్డు, అదే ఏడాది ఊరిడూ, టెలినార్ సంస్థలు సేవలు ప్రారంభించడంతో 1,500 క్యాట్లకు దిగివచ్చింది. ఒక తరమంతా ఇంటర్నెట్‌ను, గేములను చేతిలోని ఫోను ద్వారానే మొదట తెలుసుకుంది. 2021 జనవరిలో సింగపూర్‌లో జరిగిన మొబైల్ లెజెండ్స్ అనే ఫోను గేము ప్రపంచ పోటీలో మయన్మార్ జట్టు బర్మీస్ గూల్స్ తుదిపోరు వరకు చేరి రెండో స్థానం సాధించడం ఆ ఫోను గేముల సంస్కృతి ఎంత గట్టిదో తెలుపుతుంది.

వీఆర్ కూడా ఆ దారినే వచ్చింది. గూగుల్ 2014 జూన్‌లో ప్రకటించిన కార్డ్‌బోర్డ్ అనే అట్ట హెడ్‌సెట్, మామూలు ఫోను తెరను రెండు భాగాలుగా చేసి రెండు కళ్లకూ చూపుతుంది. ఉపాధ్యాయినిగా పనిచేసిన హ్లా హ్లా విన్ 2016లో యాంగోన్‌లో స్థాపించిన 360ఎడ్ అనే సంస్థ ఈ చవక పరికరాన్ని విద్యకు వినియోగించింది. ఇతర దేశాల తరగతి గదులను అన్ని దిక్కులూ కనిపించేలా చిత్రీకరించి ఉపాధ్యాయ శిక్షణకు వాడటం, ఫోను కెమెరా ముందు పెట్టగానే త్రిమితీయ బొమ్మలు లేచే పాఠ్య కార్డులు తయారు చేయడం ఆ సంస్థ ప్రధాన కార్యక్రమాలు. టెలివిజన్ రంగం నుంచి వచ్చిన న్యీ లిన్ సెక్ నెలకొల్పిన 3ఎక్స్‌వివర్ సంస్థ బాగాన్ ప్రాచీన ఆలయాలను వీఆర్‌లో నమోదు చేసే పని చేపట్టింది. 2016 ఆగస్టు 24న 6.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఆ క్షేత్రంలోని వందలాది కట్టడాలు దెబ్బతిన్నందువల్ల, ఆ పనికి వినోదాన్ని మించిన విలువ ఉంది.

గేముల మార్పిడికి కూడా ఫోను మార్గం ఒకటి ఉంది. వీరిడ్జ్, ట్రైనస్ వీఆర్ వంటి ప్రోగ్రాములు కంప్యూటర్‌లో నడుస్తున్న గేము బొమ్మను వైఫై లేదా యూఎస్‌బీ తీగ ద్వారా ఫోనుకు పంపి, ఫోను తల కదలికల సమాచారాన్ని తిరిగి కంప్యూటర్‌కు అందిస్తాయి. ఈ ఏర్పాటుకు ఖర్చు అతి తక్కువ. కానీ తల తిరుగుడును కొలిచే గైరోస్కోపు చవక ఫోన్లలో చాలాసార్లు ఉండదు. ఉన్నా భ్రమణాలను మాత్రమే అది పట్టుకోగలదు. బొమ్మ చేరడంలో జరిగే ఆలస్యం తల తిప్పిన వెంటనే తెలిసిపోతుంది. గూగుల్ 2019 నవంబరులో కార్డ్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ చేసి, 2021లో అట్ట పరికరాల అమ్మకాన్ని ఆపివేసింది.

2021 ఫిబ్రవరి 1 నాటి సైనిక తిరుగుబాటు తరువాత యాంగోన్ సాంకేతిక వాతావరణం తీవ్రంగా దెబ్బతింది. ఫిబ్రవరి 4 నుంచి ఫేస్‌బుక్‌ను అడ్డుకున్నారు. మార్చి మధ్య నుంచి మొబైల్ ఇంటర్నెట్‌ను నెలల తరబడి నిలిపివేశారు. 2020 అక్టోబరు నుంచి 2022 ఆగస్టు వరకు కొత్తగా క్వెస్ట్ కొన్నవారికి ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి కావడంతో, నిషేధం అమల్లో ఉన్న దేశంలో ఆ హెడ్‌సెట్‌ను వాడకానికి సిద్ధం చేయడమే ఒక అడ్డంకిగా మారింది. 2022 నుంచి నగరంలో వంతులవారీ విద్యుత్ కోతలు నిత్యకృత్యమయ్యాయి. గేములు ఆడే శక్తిమంతమైన కంప్యూటర్ కొన్ని వందల వాట్లు తీసుకుంటుంది కాబట్టి చిన్న ఇన్వర్టర్ మీద అది ఎంతోసేపు నడవదు. క్వెస్ట్ వంటి స్వతంత్ర హెడ్‌సెట్ ఒక్క చార్జితో రెండు, మూడు గంటలు పనిచేసి, మామూలు పవర్ బ్యాంకుతో తిరిగి నింపుకోవడానికి వీలిస్తుంది.

ఈ పరిస్థితుల్లో మార్పిడి సాఫ్ట్‌వేర్‌కు ఉన్న ఒక సుగుణం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఒంటరిగా ఆడే గేమును ఒకసారి దించుకున్నాక మార్పిడికి ఇంటర్నెట్ అవసరం లేదు. కంప్యూటర్ నుంచి హెడ్‌సెట్‌కు బొమ్మ పంపడానికి ఇంట్లోని రౌటర్ లేదా ఒక యూఎస్‌బీ తీగ చాలు. మార్పిడి ప్రోగ్రాములు పరిమాణంలో చిన్నవి, చాలావరకు ఉచితమైనవి; అసలు భారం పదుల గిగాబైట్లుండే కొత్త గేములదే. డూమ్, క్వేక్, హాఫ్-లైఫ్ వంటి పాత గేముల మార్పిడులు ఆ భారాన్ని కూడా తగ్గిస్తాయి.

పరిమితులు, ఆరోగ్య విషయాలు

హెడ్‌సెట్‌లో చట్రాల వేగం సెకనుకు 72 నుంచి 120 వరకు నిలకడగా ఉండాలి. తల కదిలిన క్షణానికీ బొమ్మ మారిన క్షణానికీ మధ్య ఆలస్యం 20 మిల్లీసెకన్లు దాటకూడదని సాధారణ సూత్రం. చదునైన తెర కోసం రాసిన గేముల్లో ఈ వేగాన్ని సాధించడం కష్టం. కళ్లు పరుగెడుతున్నట్టు చూపుతుండగా చెవి లోపలి సమతౌల్య అవయవం నిశ్చలంగా ఉన్నామని చెప్పడం వల్ల కొందరికి తల తిరుగుడు, వికారం కలుగుతాయి. మొదట తక్కువసేపు, కూర్చొని, నెమ్మదిగా సాగే గేములతో మొదలుపెట్టడం, అసౌకర్యం కలగగానే హెడ్‌సెట్ తీసివేయడం, ఏకధాటిగా తిరగడానికి బదులు చిన్న చిన్న కోణాలుగా తిరిగే అమరికను ఎంచుకోవడం క్షేమకరం.

నలుగురితో కలిసి ఇంటర్నెట్‌లో ఆడే గేముల్లో ఈ సాఫ్ట్‌వేర్ వాడకూడదు. మోసాన్ని పసిగట్టే వ్యవస్థలు బయటి నుంచి చొప్పించిన ఏ కోడ్‌నైనా మోసంగానే పరిగణించి ఖాతాను శాశ్వతంగా మూసివేయవచ్చు.

హక్కులు

మార్పిడి సాఫ్ట్‌వేర్ సాధారణంగా గేమును పంచిపెట్టదు. కొనుక్కున్న ప్రతి మీద మాత్రమే పనిచేస్తుంది. అయినా హక్కుదారులకూ మార్పిడికారులకూ మధ్య వివాదాలు తలెత్తాయి. 2022లో టేక్-టూ సంస్థ అమెరికా కాపీరైట్ చట్టం కింద నోటీసు ఇవ్వడంతో, ల్యూక్ రాస్ ఆ సంస్థ గేములకు చేసిన మార్పిడులను ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. చందాలు తీసుకొని మార్పిడులను అందించడం సేవా, వాణిజ్యమా అన్న ప్రశ్న ఇలాంటి వివాదాల్లో తలెత్తుతుంది. దీనికి భిన్నంగా, ఇడ్ సాఫ్ట్‌వేర్ వలె కోడ్‌ను బహిరంగపరచిన సంస్థల గేములు దశాబ్దాల తరువాత కూడా కొత్త పరికరాల మీద జీవిస్తున్నాయి.

మూల్యాంకనం

మార్పిడి ద్వారా వచ్చిన రూపం, హాఫ్-లైఫ్: అలిక్స్ వలె వీఆర్ కోసమే పుట్టిన గేముకు చేతుల వాడకంలోనూ సౌకర్యంలోనూ సాటి రాదు. కానీ విశాలమైన ప్రపంచాలు, దీర్ఘమైన కథలు ఉన్న గేములు వీఆర్‌లో చాలావరకు మార్పిడి ద్వారానే అందుతున్నాయన్నది నిర్వివాదం. పద్ధతుల్లో మూల కోడ్ నుంచి నిర్మించినవి అన్నిటికంటే నాణ్యమైనవి, ఇంజిన్ స్థాయివి అన్నిటికంటే విస్తృతమైనవి, లోతు పటం మీద ఆధారపడినవి అన్నిటికంటే తేలికైనవి. యాంగోన్ వంటి నగరానికి, ఆ మాటకొస్తే విద్యుత్తూ ఆదాయమూ పరిమితంగా ఉన్న ఏ ఊరికైనా, స్వతంత్ర హెడ్‌సెట్ మీద నడిచే ఓపెన్ సోర్స్ మార్పిడులే నేటికి అత్యంత అనుకూలమైన మార్గం. గేము నిర్మాతలు తమ పాత గేముల కోడ్‌ను బహిరంగపరచే కొద్దీ ఈ మార్గం మరింత విస్తరిస్తుంది.